రిపోర్టు నార్మల్ వచ్చింది, మరి మందు ఆపొచ్చా?

ఉభయ గోదావరి జిల్లాల్లో 2003–04లో ఒక లెక్క తీశారు. 45 పల్లెల్లో, దాదాపు లక్షా ఎనభై వేల జనాభాలో ఆ ఏడాది ఎవరు చనిపోయారు, ఎందుకు చనిపోయారు అన్నదే ఆ లెక్క. ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ఇళ్లకు వెళ్లారు. చివరి రోజుల్లో మనిషికి ఏమైందో ఇంటివాళ్లను అడిగి రాసుకున్నారు. ఆ రాతలు చదివి వైద్యులు కారణం తేల్చారు. వరిచేలు, కాలువగట్లు, ఒళ్లు వంచి పనిచేసే మనుషులు ఉన్న ఊళ్లు కాబట్టి క్షయ, మలేరియా, విరేచనాల్లాంటివే ముందుంటాయని ఎవరైనా అనుకుంటారు. తేలింది వేరు. ప్రతి వంద మరణాల్లో 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయి. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు.

గుండెపోటు పట్నం జబ్బనీ, కూర్చుని తినేవాళ్ల జబ్బనీ ఉన్న నమ్మకం ఆ లెక్కతో చెదిరిపోయింది. ఈ చావుల వెనక పొగాకు ఉంది, బీపీ ఉంది, షుగర్ ఉంది, కొలెస్టరాల్ ఉంది. వీటిలో కొలెస్టరాల్‌ది మరీ గుట్టు వ్యవహారం. షుగర్ బాగా పెరిగితే దాహం వేస్తుంది, పదేపదే మూత్రానికి లేవాల్సి వస్తుంది. కొలెస్టరాల్ ఇరవై ఏళ్లు పెరిగి ఉన్నా ఒక్క నొప్పి పుట్టదు, ఒక్క పూట నీరసం రాదు. దాని జాడ తెలిసేది రక్తపరీక్ష కాగితం మీదే.

ఆ కాగితం ఇప్పుడు చాలామంది చేతికి వస్తోంది. వీధికో ల్యాబు, పండగకో హెల్త్ చెకప్ ప్యాకేజీ. కాగితం వచ్చాక ఇళ్లలో వినిపించే మాటలు మాత్రం మూడే. ‘గుడ్డు మానేశాను.’ ‘నేను సన్నగానే ఉన్నాను, నాకెందుకొస్తుంది?’ ‘మొన్న నార్మల్ వచ్చింది, మందు ఆపేశాను.’ మొదటి రెండింటి వల్ల జరిగే నష్టం కొంత. మూడోదాని వల్ల జరిగేది చాలా ఎక్కువ. అది ఎందుకో తెలియాలంటే ముందు కాలేయం సంగతి తెలియాలి.

కాలేయానికి ఉన్న తలుపులు

కొలెస్టరాల్ విషం కాదు. ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొరలో అది ఉంటుంది. విటమిన్ డి, ఆడ మగ హార్మోన్లు, ఆహారంలోని కొవ్వును అరిగించే పైత్యరసం, అన్నీ దానితోనే తయారవుతాయి. దాన్ని మొదట గుర్తించింది పిత్తాశయంలోని రాళ్లలో. అందుకే 19వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ పైత్యం, గట్టిదనం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి దానికి పేరు పెట్టాడు. ఒంట్లో ఉన్న కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం శరీరం తనకు తాను తయారుచేసుకున్నదే. తిండి నుంచి వచ్చేది తక్కువ.

కొవ్వు నీళ్లలో కలవదు, రక్తంలోనూ కలవదు. అందుకని శరీరం దాన్ని ప్రొటీన్‌తో మూటగట్టి పంపుతుంది. కణాలకు కొలెస్టరాల్‌ను చేరవేసే మూటలు ఎల్‌డీఎల్. మిగిలినదాన్ని తిరిగి కాలేయానికి చేర్చే మూటలు హెచ్‌డీఎల్. జనం నోట ‘చెడ్డ కొలెస్టరాల్’, ‘మంచి కొలెస్టరాల్’ అయినవి ఇవే.

పంచగా మిగిలిన ఎల్‌డీఎల్ రక్తంలో తిరుగుతూ ఉండకూడదు. దాన్ని లోపలికి లాగేసుకోవడానికి కాలేయ కణాల మీద ప్రత్యేకమైన గ్రాహకాలు ఉంటాయి. వాటిని తలుపులు అనుకుంటే సులువుగా అర్థమవుతుంది. తలుపులు ఎన్ని ఎక్కువుంటే రక్తం అంత శుభ్రం. ఈ సంగతి కనిపెట్టింది అమెరికాలోని డాలస్ నగరంలో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. యువ వైద్యులుగా ఉన్నప్పుడు వాళ్లు తోబుట్టువులైన ఇద్దరు చిన్న పిల్లల్ని చూశారు. బడికి వెళ్లే వయసులోనే ఆ పిల్లలకు గుండెజబ్బు. రక్తంలో కొలెస్టరాల్ మామూలు మోతాదుకు ఎన్నో రెట్లు. తిండి తేడా అయితే అంత పెరగదు. వెతుక్కుంటూ వెళ్తే 1970లలో తలుపుల సంగతి బయటపడింది. అలాంటి పిల్లలకు పుట్టుకతోనే ఆ తలుపులు లేవు, లేదా పనిచేయవు. 1985లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వాదన నిజమని 1984లో ఒక శస్త్రచికిత్స కళ్లకు కట్టింది. టెక్సాస్‌కు చెందిన ఆరేళ్ల పాపకు ఇదే జబ్బు. పిట్స్‌బర్గ్ వైద్యులు ఆమెకు గుండెతో పాటు కాలేయాన్నీ మార్చారు. తలుపులున్న కొత్త కాలేయం రాగానే వెయ్యి దాటిన ఆమె కొలెస్టరాల్ బాగా దిగిపోయింది.

అంకె ఒక్కటే చాలదు, ఏళ్లూ లెక్కే

తలుపులు తక్కువైతే ఏమవుతుంది? మిగిలిపోయిన ఎల్‌డీఎల్ మూటలు రక్తనాళం లోపలి పొరను దాటి గోడలోకి చొరబడతాయి. వాటిని శుభ్రం చేద్దామని వచ్చిన రక్షక కణాలు కొవ్వు మింగి, ఉబ్బి, అక్కడే చనిపోతాయి. ఏళ్ల తరబడి ఇలా పేరుకున్నదే పూడిక. దాని మీద పలచని మూతలాంటి పొర ఏర్పడుతుంది. ఒకనాడు ఆ పొర చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే అదే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం. నాళం సగం కూడా పూడని చోట సైతం పొర చిట్లవచ్చు. నిన్నటిదాకా మెట్లెక్కిన మనిషి ఇవాళ కుప్పకూలడానికి కారణం ఇదే.

రష్యాలో నికొలాయ్ అనిచ్కోవ్ 1913లోనే కుందేళ్లకు కొలెస్టరాల్ మేపి వాటి నాళాల్లో ఇలాంటి పూడికను చూపించాడు. మనుషుల్లో రుజువు కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 1948లో 5,209 మందితో మొదలైన పరిశీలన కొలెస్టరాల్‌ను, బీపీని గుండెపోటుకు ముందుగా తెలిసే ప్రమాద కారణాలుగా నిలబెట్టింది.

అన్నిటికన్నా ఆలోచింపజేసే ఫలితం 2006లో వచ్చింది. కొందరు ఆఫ్రికన్ అమెరికన్లలో పీసీఎస్‌కే9 అనే జన్యువు పుట్టుకతోనే దెబ్బతిని ఉంది. కాలేయం తలుపుల్ని పీకేసే పని ఆ జన్యువుది. అది పనిచేయకపోవడం వాళ్లకు వరమైంది. వాళ్ల ఎల్‌డీఎల్ ఇతరుల కంటే 28 శాతం తక్కువ. గుండెజబ్బు ముప్పు మాత్రం 88 శాతం తక్కువ. మందులతో అయితే, ఎల్‌డీఎల్‌ను 40 మిల్లీగ్రాముల మేర తగ్గిస్తే కొన్నేళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పులు ఐదో వంతు తగ్గుతాయి. తేడా ఎక్కడుంది? మందు వాడినవాళ్లకు నడివయసు దాటాక కొన్నేళ్లు తగ్గింది. ఆ జన్యువు దెబ్బతిన్నవాళ్లకు పుట్టినప్పటి నుంచీ తక్కువే. నాళానికి దెబ్బ ఎంత అన్నది అంకెను బట్టీ ఉంటుంది, ఆ అంకెతో గడిపిన ఏళ్లను బట్టీ ఉంటుంది. అరవైలో మేలుకోవడం కన్నా ముప్పైలో తెలుసుకోవడం అందుకే లాభం.

ఎల్‌డీఎల్ బాగున్నా ఊరట పడలేం

మన దేశంలో కొలెస్టరాల్ తీరు పాశ్చాత్య దేశాల తీరులా ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్షా పదమూడు వేల మంది పెద్దవాళ్లను పరీక్షించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మొత్తం కొలెస్టరాల్ ఎక్కువున్నవాళ్లు వందకు 24 మంది. రక్తంలోని కొవ్వుల్ని కొలిచే లిపిడ్ ప్రొఫైల్‌లో ఏదో ఒక అంకె దారి తప్పినవాళ్లు మాత్రం వందకు 81 మంది. మనకు ఎక్కువగా కనిపించేది ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో రకం కొవ్వు పెరగడం, హెచ్‌డీఎల్ తగ్గడం. ఈ రెండూ కలిసి ఉన్నచోట ఎల్‌డీఎల్ మూటలు చిన్నవిగా, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి. కాగితం మీద అంకె పెద్దగా కనిపించదు, నాళంలో జరిగే పని మాత్రం ఆగదు. పొట్ట దగ్గర మాత్రమే కొవ్వు చేరి, కాళ్లూ చేతులూ సన్నగా ఉండేవాళ్లలో ఇది మామూలు. ‘నేను సన్నగానే ఉన్నాను’ అన్న ధీమా నిలవకపోవడానికి కారణం అదే.

ఒక ఉదాహరణ చూడండి. ఒకాయన రిపోర్టులో మొత్తం కొలెస్టరాల్ 210, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 250 ఉన్నాయి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్క కడతాయి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునీ తీసేస్తాయి. అంటే 210లోంచి 35, 50 పోగా 125. ‘కాస్త ఎక్కువ, అంతే కదా’ అని ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఇంకో లెక్క ఉంది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటి తీసేస్తే వచ్చేది నాన్ హెచ్‌డీఎల్. నాళాలకు హాని చేసే మూటలన్నీ ఇందులోకి వస్తాయి. ఆయనకు అది 175. ఉండాల్సింది 130 లోపు. దీనికి అదనపు పరీక్ష అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు, ఒక్క తీసివేత చాలు.

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో మొట్టమొదటిసారి మన దేశానికంటూ కొలెస్టరాల్ మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో అందరికీ ఒకే అంకె లేదు. ముప్పు తక్కువున్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి. షుగర్, బీపీ లాంటివి ఉండి ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఆ హద్దులు 70, 100. ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు 55, 85. ల్యాబు కాగితం పక్కన అచ్చువేసి ఉండే ‘నార్మల్ రేంజ్’ ఆరోగ్యవంతుడిని దృష్టిలో పెట్టుకున్నది. స్టెంట్ వేయించుకున్న మనిషి ఎల్‌డీఎల్ 95 చూసి సంబరపడితే పొరపాటే. ఆయన హద్దు 55.

ఇదే మార్గదర్శకాల్లో ఇంకొన్ని మేలైన మాటలున్నాయి. మొదటి లిపిడ్ ప్రొఫైల్ 18 ఏళ్లకే చేయించుకోవాలి, కుటుంబంలో చిన్న వయసు గుండెజబ్బు ఉంటే ఇంకా ముందే. పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పని కూడా లేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా కనిపిస్తే అప్పుడు పరగడుపున మళ్లీ చేస్తారు. లైపోప్రొటీన్ (ఎ) అనే ఇంకో పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. అది వంశపారంపర్యంగా వచ్చేది, తిండితో పెరగదు, తగ్గదు. మన దేశంలో ప్రతి నలుగురిలో ఒకరికి అది 50 మిల్లీగ్రాములు దాటి ఉంటుందని సొసైటీ అంచనా. అది ఎక్కువున్నవాళ్లు మిగతా అంకెల విషయంలో మరింత గట్టిగా ఉండాలి.

నింద గుడ్డు మీద, మినహాయింపు పునుగులకు

కొలెస్టరాల్ అనగానే ఇంట్లో మొదట నిషేధం పడేది గుడ్డు మీద. ఒక పెద్ద గుడ్డులో రెండు వందల మిల్లీగ్రాములకు కాస్త తక్కువ కొలెస్టరాల్ ఉండే మాట నిజం. చాలామందిలో, తిండి నుంచి ఎక్కువ వస్తే కాలేయం తన తయారీ తగ్గించుకుంటుంది. అమెరికా ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దును 2015లో తీసేశాయి. రోజుకో గుడ్డు ఆరోగ్యవంతుడికి ముప్పు తెచ్చే వస్తువు కాదు. షుగర్ ఉన్నవాళ్లు, కొలెస్టరాల్ బాగా ఎక్కువున్నవాళ్లు పచ్చసొన విషయంలో తమ వైద్యుడి మాట వినాలి.

అసలు దెబ్బ కొట్టేవి సంతృప్త కొవ్వులు, ట్రాన్స్ కొవ్వులు. ఇవి కాలేయం తలుపుల్ని తగ్గిస్తాయి. నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్టరాల్ లేదు’ అని రాసి ఉంటే అందులో గొప్పేమీ లేదు, మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ అది ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు ఎంతుందన్నది. కొబ్బరినూనెలో అది 80 శాతానికి పైనే, నెయ్యిలో 60 శాతానికి అటూ ఇటూ, పామాయిల్‌లో దాదాపు సగం. వేరుశనగ నూనెలో ఐదో వంతుకు మించదు. నువ్వుల నూనెలో ఇంకాస్త తక్కువ, పొద్దుతిరుగుడు నూనెలో పదో వంతుకు దగ్గర. వేడి అన్నంలో ముద్దపప్పు మీద ఒక చెంచా నెయ్యితో కొంపలు మునగవు. దానికి పైన స్వీట్ షాపు మైసూరుపాకు, ఆదివారం బిర్యానీ, సాయంత్రం బేకరీ పఫ్ తోడైతే లెక్క మారుతుంది.

ట్రాన్స్ కొవ్వులు డాల్డా పేరుతో మన వంటింట్లోకి వచ్చినవి. ఇవి ఎల్‌డీఎల్‌ను పెంచుతాయి, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయి, రెండువైపులా నష్టం. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో వీటిని 2 శాతానికి మించనివ్వకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. అయితే అదే నూనెను మళ్లీ మళ్లీ కాచినప్పుడు చెడ్డ పదార్థాలు పుడుతూనే ఉంటాయి. వేపుడు నూనెలో ఇలా పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారేయాలన్న నిబంధన కూడా ఉంది. సందు చివర బండి మీద నల్లగా మరుగుతున్న మూకుడు ఆ నిబంధనలో ఇముడుతుందా అన్నది పునుగులు కొనేవాళ్లు ఒక్కసారి చూసుకోవాలి. ఇంట్లో కూడా అంతే. అప్పడాలు వేయించిన నూనెలోనే మర్నాడు బజ్జీలు, ఎల్లుండి వడియాలు వేయించడం పొదుపు అనిపించుకోదు.

ట్రైగ్లిజరైడ్ల దారి వేరు. వాటిని పెంచేవి తెల్లన్నం, మైదా, తీపి, మద్యం. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోసె అంటే మూడు పూటలా బియ్యమే. నూనె పూర్తిగా మానేసి అన్నం రెట్టింపు చేసిన మనిషికి ట్రైగ్లిజరైడ్లు తగ్గకపోగా పెరుగుతాయి. అవి 500 దాటితే గుండె సంగతి అటుంచి క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది. అప్పుడు మద్యం మానడం, షుగర్ అదుపు చేసుకోవడం అత్యవసరం.

మేలు చేసే తిండి కోసం ఖరీదైన డబ్బాల వెంట పడనక్కర్లేదు. నీళ్లలో కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పైత్యరసం మళ్లీ తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకోవాల్సి వస్తుంది. ఆ పీచు ఓట్స్‌లో ఉంది, బార్లీలో ఉంది. ఉలవల్లో, అలసందల్లో, గోరుచిక్కుడులో, బెండకాయలో, మెంతుల్లో కూడా ఉంది. రోజూ ఇసబ్‌గోల్ తీసుకుంటే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల సారమూ ఇదే. నూనె తగ్గించాలి, ఒకే నూనెకు అంటిపెట్టుకోకూడదు, మంచి కొవ్వుల్ని గింజలు, పప్పులు, చేపల నుంచి తెచ్చుకోవాలి, కంచంలో అన్నం తగ్గి పప్పు, కూర పెరగాలి.

రోజూ అరగంట చురుకైన నడక ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తుంది, హెచ్‌డీఎల్‌ను కాస్త పెంచుతుంది. పొగ మానితే నాళాలకు జరిగే మేలు ఏ అంకెలోనూ పూర్తిగా కనిపించదు. ఇవన్నీ చేసినా తిండితో ఎల్‌డీఎల్ తగ్గేది చాలామందిలో 10, 15 శాతం. 190 ఉన్న మనిషి పథ్యంతో 100కి దిగడం జరిగే పని కాదు. అక్కడ మందు కావాలి.

బియ్యం బూజులో దొరికిన మందు

జపాన్‌లోని అకితా ప్రాంతంలో రైతు కుటుంబంలో పుట్టిన అకిరా ఎండోకు చిన్నప్పటి నుంచీ బూజులంటే ఆసక్తి. బూజు నుంచి పెన్సిలిన్ తీసిన ఫ్లెమింగ్ ఆయనకు ఆదర్శం. కొన్ని బూజులు ఇతర సూక్ష్మజీవుల్ని దెబ్బతీయడానికి కొలెస్టరాల్ తయారీని అడ్డుకునే పదార్థాన్ని వదులుతాయేమో అని ఆయనకు తోచింది. సాంక్యో అనే మందుల కంపెనీలో కూర్చుని ఆరు వేలకు పైగా బూజుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించాడు. 1973లో క్యోటోలోని ఒక ధాన్యం కొట్టులో బియ్యానికి పట్టిన నీలాకుపచ్చ బూజులో వెతుకుతున్నది దొరికింది. ఎలుకలకు ఇస్తే పనిచేయలేదు. ఇక వదిలేయాల్సిందేనన్న దశలో గుడ్లు పెట్టే కోళ్లకు ఇచ్చి చూశారు. కోళ్ల రక్తంలో కొలెస్టరాల్ దిగిపోయింది. స్టాటిన్లు అనే ఈ మందుల కథ అక్కడ మొదలైంది.

అదే జాతికి చెందిన లోవాస్టాటిన్ 1987లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బున్న 4,444 మందిలో సగం మందికి ఐదేళ్లకు పైగా సిమ్వాస్టాటిన్ ఇచ్చి చూసిన పరిశోధన మొత్తం మరణాలు 30 శాతం తగ్గాయని తేల్చింది. వైద్యుల సందేహాలు చాలావరకు ఆ రోజుతో తీరాయి. 2006లో ఆ మందు పేటెంట్ ముగిసినప్పుడు దాన్ని అమెరికాలో జెనరిక్‌గా అమ్మిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఒకటి. ఒకప్పుడు సంపన్న దేశాల ఖరీదైన మందు ఇవాళ జన ఔషధి దుకాణంలో అందరికీ అందే ధరకు దొరుకుతోంది. ఎండో 2024లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

స్టాటిన్ చేసే పని రెండు మాటల్లో చెప్పొచ్చు. కాలేయంలో కొలెస్టరాల్ తయారీకి పగ్గాలు వేస్తుంది. సరుకు తక్కువైన కాలేయం రక్తంలోంచి తెచ్చుకోవడానికి ఎక్కువ తలుపులు తెరుస్తుంది. రక్తంలో ఎల్‌డీఎల్ పడిపోతుంది. మాత్ర ఆపితే పగ్గాలు ఊడతాయి, తలుపులు మళ్లీ మూసుకుంటాయి, కొన్ని వారాల్లో అంకె పాతచోటికే చేరుతుంది. జ్వరం తగ్గాక మాత్ర ఆపినట్టు దీన్ని ఆపడం కుదరదు. రిపోర్టులో కనిపించే నార్మల్ మాత్ర వేసుకుంటున్నందువల్ల వచ్చిన నార్మల్. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఇలా ఆపితే ముప్పు మరీ పెద్దది.

దుష్ప్రభావాల భయం కూడా చాలామంది చేత మాత్ర ఆపిస్తోంది. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, నిజమే. ఆ నొప్పుల్లో మాత్ర వల్ల వచ్చేవెన్ని, భయం వల్ల వచ్చేవెన్ని అని లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు పరీక్షించారు. ఇదివరకు స్టాటిన్ పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా మార్చి మార్చి ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం అసలు మాత్రతో పడిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ పడ్డారు. అంటే బాధ అబద్ధమని కాదు, బాధ నిజమే. కారణం ఎక్కువగా మాత్రలోని మందు కాదు. షుగర్ అంచున ఉన్న కొందరికి స్టాటిన్ వల్ల షుగర్ కాస్త ముందుగా బయటపడవచ్చు. గుండెకు దక్కే రక్షణ దానికన్నా చాలా ఎక్కువని వైద్యులు లెక్కలతో చెబుతున్నారు. తీవ్రమైన కండరాల నొప్పి, ముదురు రంగు మూత్రం కనిపిస్తే మాత్రం వెంటనే వైద్యుణ్ణి కలవాలి. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు ముందే చెప్పాలి.

ఒక స్టాటిన్ పడకపోతే ఇంకోటి ఉంది, తక్కువ మోతాదు ఉంది, పేగుల్లో కొలెస్టరాల్‌ను అడ్డుకునే ఎజెటిమైబ్ ఉంది. తలుపుల్ని పీకేసే పీసీఎస్‌కే9ను కట్టడి చేసే ఇంజెక్షన్లు 2015లో వచ్చాయి. ఏడాదికి రెండుసార్లు వేసుకుంటే చాలిన ఇంక్లిసిరాన్ ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది, ధర మాత్రం ఇంకా సామాన్యుడికి దూరమే.

మూలికల సంగతీ చెప్పుకోవాలి. సుశ్రుత సంహితలోని మాటల ఆధారంగా 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్ల మీద గుగ్గులును పరీక్షించారు. మంచి ప్రయత్నం అది, ఫలితాలూ ఆశపెట్టాయి. 2003లో అమెరికాలో మనుషుల మీద జరిగిన పరీక్షలో మాత్రం గుగ్గులు సారం తీసుకున్నవాళ్ల ఎల్‌డీఎల్ తగ్గలేదు, 4, 5 శాతం పెరిగింది. స్టాటిన్ ఆపి మూలికకు మారదామనుకునేవాళ్లు ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవాలి.

మేనరికం ఉన్న ఇళ్లలో

బ్రౌన్, గోల్డ్‌స్టీన్ చూసిన పిల్లల జబ్బు పేరు ఫెమీలియల్ హైపర్ కొలెస్టరోలీమియా. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి లోపమున్న జన్యువు వస్తే ఎల్‌డీఎల్ చిన్నప్పటి నుంచే మామూలుకు రెట్టింపు ఉంటుంది. ప్రతి 250 మందిలో సుమారు ఒకరికి ఇది ఉంటుందని అంచనా. కోటి జనాభా ఉన్న నగరంలో 40 వేల మంది. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు, కొందరికి చిన్న వయసులో వచ్చే గుండెపోటుతోనే తెలుస్తుంది.

ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ లోపం వస్తే బిడ్డకు బాల్యంలోనే గుండెజబ్బు మొదలవుతుంది. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఒకే జన్యులోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, మేనరికాలు మామూలైన తెలుగు కుటుంబాలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. భార్యాభర్తలిద్దరికీ ఆ లోపం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రెండువైపులా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కనుగుడ్డు నల్లభాగం చుట్టూ చిన్న వయసులోనే తెల్లని వలయం, మడమ వెనక స్నాయువు మందంగా ఉబ్బడం, మోచేతుల మీద పసుపు రంగు గడ్డలు దీని గుర్తులు. ఎల్‌డీఎల్ 190 దాటిన ప్రతివాళ్లనూ వైద్యులు ఈ అనుమానంతోనే చూస్తారు.

వంశంలో వచ్చే జబ్బు కాబట్టి పరీక్ష కూడా వంశమంతటికీ జరగాలి. ఇంట్లో ఒక మగమనిషికి 55 లోపు, లేదా ఆడమనిషికి 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ ఈ నెలలోనే లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. కాగితం వచ్చాక మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి చూసుకోండి. మీ వయసుకీ, మీకున్న జబ్బులకీ ఉండాల్సిన అంకె ఎంతో వైద్యుణ్ణి అడిగి ఆ కాగితం మీదే రాయించుకోండి. ఇప్పటికే మాత్ర వాడుతున్నవాళ్లు, రిపోర్టు ఎంత బాగా వచ్చినా, వైద్యుడు చెప్పనిదే దాన్ని ఆపకండి.